ఏ ప్రింటు వేస్తున్నారో చెప్పి వేయండి

స్పెయిన్ పాత చిత్రాలను ప్రదర్శిస్తున్న ఫిల్మ్ సొసైటీల నిర్వాహకులకు, సినిమానూ స్పానిష్ భాషనూ బోధిస్తున్న అధ్యాపకులకు నమస్కారం.

మీలో చాలామంది సొంత డబ్బు, సెలవు రోజులు ఖర్చుపెట్టి పరాయి దేశాల సినిమాలను మన ప్రేక్షకుల ముందుకు తెస్తున్నారని నాకు తెలుసు, ఆ శ్రమ మీద గౌరవం ఉండబట్టే ఈ లేఖ రాస్తున్నాను. నాది అనంతపురం. స్పానిష్ నుంచి తెలుగుకూ, తెలుగు నుంచి స్పానిష్‌కూ అనువాదాలు చేసి జీవిస్తున్నాను.

కిందటేడు ఒక నగరంలో జరిగిన స్పానిష్ చిత్రాల వారోత్సవానికి వెళ్లాను. అక్కడ పంచిన కరపత్రంలో 'రాసా', 1942, అంతర్యుద్ధంలో చెదిరిపోయిన ఒక కుటుంబ గాథ అని అచ్చువేశారు. తెర మీద మాత్రం 'ఎస్పిరితు దె ఉనా రాసా', అంటే 'ఒక జాతి ఆత్మ' అనే పేరు పడింది. అది 1950లో కత్తిరించి, మాటలు మార్చి, మళ్లీ డబ్బింగ్ చెప్పించి విడుదల చేసిన ప్రింటు. పేరే మారినా పట్టించుకున్నవారు లేరు. అంతర్యుద్ధంలో ఓడిన రిపబ్లిక్ పక్షంవాళ్లను స్పానిష్‌లో 'రోహోస్', అంటే 'ఎర్రవాళ్లు' అన్న ప్రతిచోటా తెలుగు సబ్‌టైటిల్‌లో 'దుండగులు' అని వేశారు. సినిమా రాసిందెవరో, దానికి డబ్బు పెట్టిందెవరో ఒక్క ముక్క కూడా చెప్పకుండానే దీపాలు వెలిగించి టీ ఇచ్చి పంపేశారు.

ఆ నిర్వాహకులకు రెండు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి జవాబే రాలేదు. రెండోదానికి, కళకు రాజకీయాలు అంటగట్టవద్దని ఫోనులో ఒక వాక్యం సందేశం వచ్చింది. గోడకు చెప్పుకున్నట్టయింది కనుక ఇప్పుడు అందరికీ కలిపి రాస్తున్నాను. ఆ సంస్థ పేరు రాయను, ఎందుకంటే ఇలా చేస్తున్నది ఆ ఒక్క సంస్థే కాదు. ఈ సినిమాలను నిషేధించాలని నేను కోరడం లేదన్నది కూడా మొదటే స్పష్టం చేస్తున్నాను. కత్తెర ఎంత పని చేయగలదో ఈ సినిమాల చరిత్ర చదివినవారెవరూ మరో కత్తెరను కోరుకోరు.

ఇక విషయాలు.

1. 'రాసా' కథను రాసింది స్పెయిన్ నియంత ఫ్రాన్సిస్కో ఫ్రాంకో. ఎన్నికైన రిపబ్లిక్ ప్రభుత్వం మీద 1936 జులైలో తిరగబడిన సైన్యాధికారుల్లో ఒకడై, మూడేళ్ల యుద్ధంలో గెలిచి, 1975 నవంబరు 20న చనిపోయేదాకా దేశాన్ని ఏలిన ఆయన, హైమే దె ఆంద్రాదే అనే మారుపేరుతో ఈ కథ రాశాడు. ప్రభుత్వ సంస్థే నిర్మాణ ఖర్చు భరించింది. దర్శకత్వం హోసే లూయిస్ సాయెన్స్ దె ఎరెదియాకు అప్పగించారు. ఆయన స్పెయిన్ ఫాసిస్టు పార్టీ అయిన ఫలాంహే స్థాపకుడికి దగ్గరి బంధువు. కథలోని చుర్రూకా కుటుంబంలో నౌకాదళ అధికారి అయిన తండ్రి 1898లో క్యూబా యుద్ధంలో వీరమరణం పొందుతాడు. పెద్దయ్యాక ఒక కొడుకు సైనికుడు, ఒక కొడుకు సన్యాసి, ఇంకొకడు రిపబ్లిక్ పక్షపు రాజకీయనాయకుడు అవుతారు. సైనికుడు తుపాకుల వరుస ముందు నిలబడి కూడా బతుకుతాడు, సన్యాసిని సముద్రపు ఒడ్డున చంపుతారు, రాజకీయనాయకుడు చివర్లో పశ్చాత్తాపపడి చస్తాడు. ఫ్రాంకో సొంత తండ్రి కూడా నౌకాదళ ఉద్యోగే, కానీ భార్యాపిల్లలను విడిచిపెట్టి మాద్రిద్‌లో మరొకరితో కాపురం పెట్టినవాడు. ఫ్రాంకో తమ్ముడు రామోన్ 1926లో దక్షిణ అట్లాంటిక్‌ను విమానంలో దాటి పేరు తెచ్చుకుని, కొంతకాలం రిపబ్లిక్ పక్షాన నిలిచినవాడు. తన ఇంట్లో కుదరనిది తెర మీద కుదుర్చుకుని, ఆ సర్దిన ఇంటికి 'జాతి' అని పేరు పెట్టి, యావత్తు దేశం చేత అది తమ ఇల్లేనని ఒప్పించాలని చూసిన సినిమా ఇది. దీన్ని 'కుటుంబ గాథ' అని కరపత్రంలో వేయడం అబద్ధమని అనను గానీ, ఎవరి కుటుంబమో చెప్పకుండా వేయడం మాత్రం తప్పు.

2. రెండు ప్రింట్ల సంగతి దీనికంటే ముఖ్యమైనది. 1942 నాటికి హిట్లర్, ముస్సోలినీలు గెలుస్తారన్న నమ్మకం ఫ్రాంకో ప్రభుత్వంలో బలంగా ఉండేది. అందుకే మొదటి ప్రింటులో చేయి చాచి చేసే ఫాసిస్టు వందనాలు, ఫలాంహే ప్రస్తావనలు, క్యూబాను స్పెయిన్‌కు కాకుండా చేసిన అమెరికా మీద కోపం అన్నీ ఉన్నాయి. 1945లో వాళ్లు ఓడిపోవడంతో కథ తలకిందులైంది. 1946 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి తన సభ్య దేశాలను మాద్రిద్ నుంచి రాయబారులను వెనక్కి పిలిపించమంది. ఆ తర్వాత అమెరికాకు కమ్యూనిస్టు వ్యతిరేక నేస్తం కావలసి వచ్చింది, ఫ్రాంకోకు అమెరికా కావలసి వచ్చింది. 1950లో 'రాసా'లోంచి ఆ వందనాలు మాయమయ్యాయి, అమెరికా మీద మాటలు మాయమయ్యాయి, శత్రువు స్థానంలో కమ్యూనిజం మరింత స్పష్టంగా కూర్చుంది. మూడేళ్లకు, 1953 సెప్టెంబరులో, అమెరికా సైనిక స్థావరాల ఒప్పందం కుదిరింది. పాత ప్రింట్లను వెనక్కి రప్పించి నాశనం చేయించారు. మొదటి రూపం మళ్లీ జనం చూసే వీలు కలిగింది 1990లలో దొరికిన ప్రతుల వల్లనే. అంటే తాను రాసిన చరిత్రనే నియంత ఎనిమిదేళ్లకు తిరగరాసుకున్నాడు. అయ్యా, మీరు 1942 అని కరపత్రంలో వేసి 1950 ప్రింటు చూపించినప్పుడు, ఆ దిద్దుబాటును ప్రేక్షకుడి కంటికి కనబడకుండా చేసే పనిని అరవై డెబ్బై ఏళ్ల తర్వాత మీరు పూర్తి చేస్తున్నారు. నా ఫిర్యాదులన్నింటిలో ఇదే పెద్దది.

3. మతం ఈ సినిమాల్లో పైపూత కాదు, అదే వాటి ఎముక. 1937 జులై 1న స్పెయిన్ బిషప్పుల్లో అత్యధికులు ఉమ్మడి లేఖ విడుదల చేసి ఫ్రాంకో పక్షాన్ని సమర్థించారు. సైనిక తిరుగుబాటుకు 'క్రుసాద', అంటే ధర్మయుద్ధం అనే పేరు అంతకు ముందే స్థిరపడింది. ఇక్కడ ఒక నిజం దాచకూడదు: రిపబ్లిక్ ఏలుబడిలో ఉన్న ప్రాంతాల్లో దాదాపు 6,800 మంది మతాచార్యులు, సన్యాసులు, సన్యాసినులు హత్యకు గురయ్యారు. 'రాసా'లో సముద్రపు ఒడ్డున జరిగే చావుల వెనక ఉన్న దుఃఖం కల్పితం కాదు. అయితే అదే యుద్ధంలో, 1936 శరత్కాలంలో, ఫ్రాంకో సైన్యం ఉత్తర స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతపు మతాచార్యులను పదిమందికి పైగా కాల్చి చంపింది. ఆ లేఖ మీద సంతకం పెట్టడానికి నిరాకరించిన తరగోనా కార్డినల్ విదాల్ ఇ బర్రాకేర్ తిరిగి స్వదేశం చూడకుండా 1943లో స్విట్జర్లాండ్‌లో కన్నుమూశాడు. ఆ మతాచార్యులూ, ఆ కార్డినలూ ఏ 'క్రుసాద' సినిమాలోనూ కనిపించరు. క్రైస్తవుడై ఉండి ఓడిన పక్షాన నిలిచినవాడికి ఆ కథలో చోటు లేదు. చోటిస్తే దేశమూ మతమూ ఒకటేనన్న లెక్క తప్పిపోతుంది.

4. సెన్సారు బోర్డులో చర్చి ప్రతినిధి కూర్చునేవాడు. 1946 నుంచి నైతిక విషయాల్లో ఆయన కాదంటే ఇక కాదన్నట్టే. 1941 ఏప్రిల్ నుంచి విదేశీ చిత్రాలన్నింటినీ కాస్తీలియన్ స్పానిష్‌లోకి డబ్బింగ్ చేయడం తప్పనిసరి చేశారు. ఆ నిబంధన కొన్నేళ్లకు తొలగినా అలవాటు ఉండిపోయింది. డబ్బింగ్ సినిమాల మీద పెరిగిన మనకు ఇందులో ఉన్న వీలు వేరే చెప్పక్కర్లేదు: పెదవులు ఒకటి పలుకుతాయి, చెవికి మరొకటి వినబడుతుంది. హాలీవుడ్ చిత్రం 'కాసాబ్లాంకా' కథానాయకుడు గతంలో స్పెయిన్ రిపబ్లిక్ తరఫున పోరాడాడన్న మాట అక్కడి ప్రేక్షకులకు వినబడలేదు. 'మొగాంబో'లో వివాహిత పరాయి పురుషుణ్ని ఇష్టపడడం పాపమని ఆ భార్యాభర్తలను డబ్బింగ్‌లో అన్నాచెల్లెళ్లను చేశారు. ఒక గుడారంలో అంత సన్నిహితంగా మెలిగే అన్నాచెల్లెళ్లను చూసి ప్రేక్షకులు ఏమనుకోవాలో మాత్రం బోర్డు ఆలోచించినట్టు లేదు.

5. 1943 జనవరి మొదటివారం నుంచి ప్రతి థియేటర్లోనూ సినిమాకు ముందు 'నో-దో' అనే వార్తాచిత్రం వేయడం తప్పనిసరి. మన పాత హాళ్లలో ఫిల్మ్స్ డివిజన్ న్యూస్‌రీళ్లు చూసిన పెద్దవాళ్లకు ఆ ఏర్పాటు తెలుసు. తేడా ఏమిటంటే, అక్కడ వేరెవరూ న్యూస్‌రీలు తీయడానికే వీల్లేదు. ఫ్రాంకో ఆనకట్టలు ప్రారంభించడం, ఊరేగింపులో పందిరి కింద నడవడం, చేపలు పట్టడం మూడు దశాబ్దాల పాటు జనం టికెట్టు కొని చూడవలసి వచ్చింది. 1975లో తప్పనిసరి తొలగింది, 1981లో 'నో-దో' ఆగిపోయింది.

6. ఇప్పుడు తెర కింద కూర్చున్న సామాన్యుల సంగతి. 'రాసా' చివర్లో విజయ కవాతు సాగుతున్న ఆ నగరంలోనే, ఆ రోజుల్లోనే, జైళ్లు కిక్కిరిసి ఉన్నాయి. 1940 నాటి ప్రభుత్వ లెక్కల్లోనే ఖైదీల సంఖ్య 2,70,000 దాటింది. దేశ జనాభా అప్పటికి దాదాపు 2.6 కోట్లు. 1939 మొదట్లో దాదాపు 5 లక్షల మంది ఫ్రాన్సు సరిహద్దు దాటిపోయారు. యుద్ధంలోనూ ఆ తర్వాతి నియంతృత్వంలోనూ అదృశ్యమైనవారి సంఖ్యను 2008లో న్యాయమూర్తి బల్తసార్ గర్సోన్ తన ఉత్తర్వులో 1,14,226గా నమోదు చేశాడు. వాళ్లలో ఎంతోమంది ఇప్పటికీ రోడ్ల పక్కన, శ్మశానాల గోడల పక్కన పేరులేని గోతుల్లోనే ఉన్నారు.

భాషల మాటకొస్తే, కాతలాన్, బాస్క్, గలీసియన్‌లను బడుల్లోంచి, కార్యాలయాల్లోంచి వెళ్లగొట్టారు. 'రాసా' కథ మొదలయ్యేది గలీసియా తీరంలోనే, ఫ్రాంకో పుట్టిందీ అక్కడే. తెర మీద మాట్లాడేది మాత్రం కాస్తీలియన్. స్త్రీల విషయంలో, రిపబ్లిక్ తెచ్చిన విడాకుల చట్టాన్ని 1939లో రద్దు చేశారు. ఆ చట్టం కింద విడిపోయినవారికీ, సివిల్ పెళ్లి చేసుకున్నవారికీ తాము ఏ బంధంలో ఉన్నామో తెలియని స్థితి వచ్చింది. పెళ్లైన స్త్రీ ఉద్యోగంలో చేరాలన్నా, బ్యాంకు ఖాతా తెరవాలన్నా భర్త అనుమతి కావాలన్న నియమం 1975 దాకా నడిచింది. ఇంట్లో కూర్చుని కొడుకును జాతికి అర్పించే తల్లి పాత్ర తెర మీద మళ్లీ మళ్లీ ఎందుకు వస్తుందో ఈ చట్టాల పక్కన పెట్టి చూస్తేనే అర్థమవుతుంది.

అదే వారోత్సవంలో పిల్లల కోసమని వేసిన 'మార్సెలినో పాన్ ఇ వినో' గురించి కూడా చెప్పాలి. 1955లో లదిస్లావ్ వాహ్దా తీసిన ఆ సినిమాలో, మఠం గుమ్మంలో దొరికిన పసివాణ్ని పన్నెండుమంది సన్యాసులు పెంచుతారు. అటక మీది సిలువ దగ్గరకు వాడు రొట్టె, ద్రాక్షసారా తీసుకెళ్తాడు. నేనూ చూసి కళ్లు తుడుచుకున్నవాణ్నే, ఆ పిల్లవాడి నటన ఇప్పటికీ మరువలేను. కానీ ఆ ఏళ్లలో స్పెయిన్‌లో నిజమైన అనాథలు ఉన్నారు: తండ్రిని కాల్చివేసిన, తల్లిని జైల్లో పెట్టిన ఇళ్ల పిల్లలు. వాళ్లను ప్రభుత్వ, చర్చి ఆశ్రమాల్లో చేర్చి, తల్లిదండ్రులు పాపులని నేర్పించారు. 1941 డిసెంబరు నాటి ఒక చట్టం, కన్నవారి జాడ తెలియని పిల్లలకు కొత్త పేర్లు పెట్టి నమోదు చేయడానికి వీలు కల్పించింది. గతమంటూ లేని, పేరడగనక్కర్లేని అనాథ ఆ కాలపు తెర మీద అంత ముద్దుగా ఎందుకున్నాడన్న ప్రశ్న ఆ హాల్లో ఒక్కరైనా అడిగే అవకాశం కల్పించారా?

7. మనకు నేరుగా తగిలే ఒక సంగతి ఉంది. 'రాసా' తీసిన దర్శకుడే 1948లో 'లా మియెస్ ఎస్ ముచా' తీశాడు. పేరు సువార్తలోనిది, తెలుగు బైబిలు చదివినవారికి 'కోత విస్తారం' అన్న మాటగా తెలుసు. కథా స్థలం ఇండియా. స్పెయిన్ నుంచి వచ్చిన మిషనరీ మన దేశపు పేదల మధ్య బతికి, వాళ్ల కోసమే ప్రాణం విడుస్తాడు. సామ్రాజ్యం ఎప్పుడో చేజారిన దేశానికి, ప్రపంచం వెలివేసిన ఆ రోజుల్లో, ఆత్మలను రక్షించే సామ్రాజ్యం ఇంకా మిగిలే ఉందని చెప్పడానికి మనం అక్కడ వెనక నిలబడే గుంపుగా పనికొచ్చాం. ఆఫ్రికాలోని స్పానిష్ గినీ నేపథ్యంలో 1946లో వచ్చిన 'మిసియోన్ బ్లాంకా' కూడా ఆ కోవలోదే.

నిజంగా స్పెయిన్ నుంచి వచ్చి మా జిల్లాలో బతికి, ఇక్కడే 2009లో కన్నుమూసిన మనిషిని మేమంతా ఎరుగుదుం. 1969లో అనంతపురం వచ్చిన ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్, పదిహేడు పద్దెనిమిదేళ్ల ప్రాయంలో రిపబ్లిక్ సైన్యంలో ఎబ్రో నది యుద్ధంలో ఉన్నవాడు. ఓటమి తర్వాత ఫ్రాన్సులోని అర్హెలెస్ శిబిరంలోనూ, తిరిగొచ్చాక ఫ్రాంకో నిర్బంధ శిబిరంలోనూ గడిపినవాడు. 'రాసా' భాషలో ఆయన 'ఎర్రవాడు'. మీ సబ్‌టైటిల్ భాషలో దుండగుడు. కరువు సీమలో బావులు, ఇళ్లు, బడులు, బత్తలపల్లి ఆసుపత్రి చూసిన అనంతపురం వాడిగా, ఆ ఒక్క పదం తెర మీద పడిన ప్రతిసారీ నాకు ఎలా అనిపించిందో ఊహించగలరు.

8. ఆ పాలనలోనే సినిమా తీసి ఎదురు నిలిచినవారూ ఉన్నారు. 1961లో లూయిస్ బున్యుయెల్ తీసిన 'విరిదియానా' కాన్ ఉత్సవంలో అత్యున్నత బహుమతిని పంచుకుంది. వాటికన్ పత్రిక దాన్ని దైవదూషణ అనగానే, వేదికెక్కి బహుమతి అందుకున్న స్పెయిన్ సినిమా శాఖాధిపతి ఉద్యోగమే పోయింది, సినిమా సొంత దేశంలో 1977 దాకా విడుదల కాలేదు. వారోత్సవం జాబితాలో దీనికి చోటు దొరకలేదు.

ఈ విషయాలన్నీ దృష్టిలో పెట్టుకుని మిమ్మల్ని కోరేవి ఇవి.

(అ) ప్రదర్శించే ప్రతి చిత్రానికి ప్రింటు సంవత్సరం, విడుదలైన పేరు, కత్తిరింపులు లేదా తిరిగి డబ్బింగ్ జరిగిందా లేదా అన్న వివరం కరపత్రంలో వేయాలి. 'రాసా' విషయంలో 1942 రూపమో, 1950 రూపమో తెలియకపోతే ప్రదర్శన వాయిదా వేయాలి.

(ఆ) కథ, నిర్మాణం, డబ్బు ఎవరివో, ఆనాటి సెన్సారు ఎలా ఉండేదో ప్రదర్శనకు ముందు పది నిమిషాలు తెలుగులో చెప్పించాలి.

(ఇ) సబ్‌టైటిళ్లలో 'ఎర్రవాళ్లు', 'ధర్మయుద్ధం' వంటి మాటలను ఉన్నవి ఉన్నట్టే ఉంచాలి. అనువాదకుడు సొంత తీర్పు కలపకూడదు. నియంత తరఫునైనా కలపకూడదు, నాలాంటివాడి తరఫునైనా కలపకూడదు.

(ఈ) 'రాసా' వేసినప్పుడు దానికి తోడుగా గొన్సాలో ఎర్రాల్దే 1977లో తీసిన 'రాసా, ఎల్ ఎస్పిరితు దె ఫ్రాంకో' డాక్యుమెంటరీ కూడా వేయాలి. ఫ్రాంకో చెల్లెలు, 'రాసా' కథానాయకుడు అల్ఫ్రెదో మాయో అందులో స్వయంగా మాట్లాడతారు. 'మార్సెలినో' వేసిన వారంలోనే 'విరిదియానా' పెద్దల కోసం వేయాలి.

(ఉ) తరగతి గదుల్లో ఈ చిత్రాలను భాషాభ్యాసం కోసం వాడే అధ్యాపకులు, 'చిత్రంలోని కుటుంబ విలువలను వివరించండి' వంటి ప్రశ్నలతో సరిపెట్టకుండా, రెండు ప్రింట్లలోని ఒకే సన్నివేశపు సంభాషణలను పోల్చే అభ్యాసం ఒకటైనా పెట్టాలి.

(ఊ) ఈ లేఖకు నెల రోజుల్లోగా లిఖితపూర్వకంగా జవాబివ్వాలి. ఒప్పుకోనివారు కారణాలు రాయాలి. ఆ కారణాల్లో నాకు తెలియనిది ఉంటే దిద్దుకుంటాను.

'రాసా' రెండు రూపాల మధ్య సంభాషణల్లో నేను గమనించిన తేడాలను తెలుగు అనువాదంతో సహా పట్టికగా తయారుచేసి ఉంచాను. ఏ ఫిల్మ్ సొసైటీ అడిగినా, ఏ కళాశాల అడిగినా ఉచితంగా పంపిస్తాను. కిందటేడు నా రెండు ఉత్తరాలు అందుకున్న నిర్వాహకులకు కూడా ఆ ప్రతిని విడిగా పంపుతున్నాను. ఈ ఏడాది వారోత్సవంలో అదే చిత్రం మళ్లీ ఉందని విన్నాను, ఆ రోజు ముందు వరుసలోనే కూర్చుంటాను.

ఇట్లు,
స్పానిష్-తెలుగు అనువాదకుడు,
అనంతపురం